నీళ్ళు దాటించిన చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందన్న కబురు పొయ్యి దగ్గర ఉండగా వచ్చింది. నిజామాబాద్‌లో మాకొక చిన్న మెస్సు ఉంది. పొద్దున ఆరింటికి ఇడ్లీలు ఎక్కించి పచ్చడికి కొబ్బరి తురుముతున్నాను. ఫోను చేసింది మంజీరలో చేపలు పట్టే తమ్ముడు. చిన్నమ్మ ఊరివాడు, వరసకు నాకేమీ కాడు కానీ అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, అవ్వ పోయిందక్కా," అన్నాడు. "పొద్దుగాల తలుపు తియ్యలే. నూకి సూసిన. గోడకు ఒరిగి కూసున్నది కూసున్నట్టే ఉంది. ఒళ్ళో బీడీల చాట గూడ జరగలే."

నేను మొట్టమొదట అడిగిన మాట చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఎట్లా పోయింది, నొప్పేమన్నా అయిందా, ఆఖరున ఎవరితో మాట్లాడింది, ఇవేవీ అడగలేదు. "మరి పిల్లులు?" అన్నాను. మా చుట్టాల్లో ఎవరికైనా ఆమె పేరు చెబితే ముందు పిల్లులే గుర్తొచ్చేవి. నాకూ అంతే. స్టవ్వులు కట్టేసి, వచ్చిన గిరాకీని తిప్పి పంపి, బోధన్ బస్సెక్కి కూచున్నాక గానీ ఏడుపు రాలేదు. మా అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. నన్ను "బిడ్డా" అని పిలిచే మనిషి ఇక ఎవరూ లేరు.

ఊరు చేరేసరికి వాకిట్లో పది పన్నెండు మంది ఆడవాళ్ళున్నారు. లోపల ఒక్కరూ లేరు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం ఇవతలే నిలబడ్డారు. లోపల చాప మీద చిన్నమ్మ. మంచం కింద, గూట్లో, బియ్యం డబ్బా మీద, ఎక్కడ చూస్తే అక్కడ పిల్లులు. వాటికి ఉలుకూ లేదు పలుకూ లేదు. మనుషులు కూచుని ఏడవాల్సిన చోట పిల్లులు కూచుని ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లుల మీదో, బయట నిలబడ్డవాళ్ళ మీదో, రావలసినప్పుడు రాని నా మీదో ఇప్పటికీ చెప్పలేను. చెప్పులు విడిచి లోపలికి పోయి ఆమె కాళ్ళ దగ్గర కూచున్నాను.

పిల్లులను ప్రాణంగా పెంచుకున్న ముసలామె అనుకుంటున్నారేమో మీరు. ఊరంతా అట్లానే అనుకుంది. మా చిన్నమ్మకు పిల్లులంటే అసలు గిట్టేది కాదు. పిల్లి వెంట్రుక గాలిలో ఉంటే చాలు, ఆగకుండా తుమ్మేది. మోచేతుల దాకా దద్దుర్లు. పొద్దున వాటికి చేప తలకాయలు వేసి అన్నం కలిపి పెడుతూ, "మీ జాతి మీద మన్ను పొయ్య, తినుండ్రి, తిని నా పానం తియ్యుండ్రి," అని తిట్టేది. తను తినే ముందే వాటికి పెట్టేది, తిట్టడం మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. పెళ్ళయిన నాలుగేళ్ళకే చిన్నాయన జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చెయ్యమని మా తాత మూడుసార్లు బండి కట్టుకుని పోతే మూడుసార్లూ అన్నం పెట్టి వెనక్కి పంపింది. "నాకు చేతులున్నయి, చాట ఉంది, ఇంకేం గావాలె," అందట. తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, దారం చుట్టి, అలా బీడీల మీదే బతికింది. నలుగురు ఆడవాళ్ళు ఆమె అరుగు మీద చేరి, ఒళ్ళో చేటలు పెట్టుకుని, ఊరి ముచ్చట్లన్నీ బీడీల్లో చుట్టేసేవారు. చిన్నమ్మ తక్కువ మాట్లాడేది. కానీ ఆ అరుగు ఖాళీగా ఉండగా నేను చిన్నతనంలో ఎప్పుడూ చూడలేదు.

ఎండాకాలం వస్తే మాత్రం పొద్దుటి పూట చేట పక్కన పెట్టి తిప్ప మీదికి పోయేది. మంజీర వాళ్ళ ఊరి ముందు రెండు పాయలవుతుంది. నడుమ మిగిలిన ఇసుక మేటనే తిప్ప అంటారు. అవతలి క్యాంపుల్లో స్థిరపడ్డ కోస్తా రైతులు దాన్ని లంక అంటారు. నడిమధ్య కాస్త ఎత్తుగా ఉండి తుమ్మచెట్లుంటాయి, వరదకు కూడా అది మునగదు. చుట్టూ తెల్లటి ఇసుక. ఎండాకాలంలో కూడా రెండు పాయల్లోనూ నడుములోతు నీళ్ళు తప్పవు. చిన్నమ్మ మామగారి కాలం నుంచీ ఒక అంచున ఇసుకలో గుంటలు తీసి, ఎరువు వేసి, పుచ్చ, దోస పెట్టేవాళ్ళు. మిగతా ఇసుకంతా పిట్టలది.

ఆ పిట్టల అసలు పేరు నాకు తెలియదు. తెల్లటి ఒళ్ళు, పసుపుపచ్చ ముక్కు, చీలిన తోక, నల్లటోపీ పెట్టుకున్నట్టు తల. చిన్నమ్మ వాటిని టోపీ పిట్టలనేది. అవి గూడు కట్టవు. ఉత్త ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్డుకూ ఇసుకకూ తేడా తెలియదు, కాలు పెట్టేదాకా కనిపించదు. మనిషి దగ్గరికొస్తే పైనుంచి దూకి నెత్తి మీద పొడుస్తాయి. అందుకని చిన్నమ్మ తల మీద గంప బోర్లించుకుని తీగలకు నీళ్ళు పోసేది. సెలవులకు పోయినప్పుడు నాకూ ఒక గంప ఇచ్చేది. గంప మీద టకటకమని దెబ్బలు పడుతుంటే నేను పడీపడీ నవ్వేదాన్ని.

"నవ్వకే," అనేది. "గవి మనల్ని తిడుతున్నయి. వాటి ఇంట్లకు మనం వచ్చినం గద."

ఇక పిల్లుల సంగతి. మా వైపు పిల్లిని చంపితే అంతకు మించిన పాపం లేదంటారు. కాశీకి పోయి బంగారు పిల్లిని దానమిచ్చుకోవాలట. అట్లాగని పాలగిన్నెలో మూతి పెట్టేదాన్ని ఎన్నాళ్ళు భరిస్తాం? సంచిలో వేసి ఎంత దూరాన వదిలినా తోవ పట్టుకుని వెనక్కే వస్తుంది. దానికి పెద్దలు చెప్పిన ఉపాయం నీళ్ళు దాటించడం. ఏరు అడ్డముంటే పిల్లి రాదు. మొదట ఊళ్ళో ఎవరో అడిగారు, "దినాం తిప్ప మీదికి పోతవు గద, జర దీన్ని గూడ ఆడ ఇడిచిపెట్టు," అని. ఆమె వదిలింది. ఆ మాట అంగడికి పోయింది, అంగడి నుంచి బోధన్‌కు పోయింది, అక్కడి నుంచి నిజామాబాద్‌కు. జనం గోనెసంచులు పట్టుకుని రేవుకు రావడం మొదలుపెట్టారు.

చిన్నమ్మ దాన్ని ఒక వ్రతంలా చేసింది. సంచిని మూడుసార్లు గిరగిరా తిప్పేది, పిల్లికి దిక్కు తెలియకూడదని. పెరుగన్నం పొట్లం ఒకటి వెంట పెట్టేది. చేపలవాళ్ళ థర్మకోల్ తెప్ప మీద సంచిని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, ఏరంతా తుమ్ముకుంటూ దాటేది. ఎవరేమిచ్చినా పుచ్చుకునేది కాదు, మహా అయితే ఒక కొబ్బరికాయ. చంపకుండా బతకనిస్తున్నాం కదా, అదే పుణ్యం అనుకుంది. ఒకసారి సరిహద్దు అవతలి నుంచి ఒక మరాఠీ ముసలాయన వచ్చాడట. సంచి ముందు చెప్పులు విడిచి, "మాఫ్ కర్, బాయీ," అని దండం పెట్టి భోరున ఏడ్చాడట. ఈ ముచ్చట చెప్పిన ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి చిన్నమ్మ కూడా ఏడ్చేది.

నేను మాత్రం తక్కువదాన్నా? ఆరేళ్ళ కింద, మెస్సు పెట్టిన కొత్తలో, ఒక చారల పిల్లి మా పొయ్యి కింద చేరింది. షట్టరు కింద పడి సగం తోక పోయినా బుద్ధి రాలేదు. చేపల పులుసు చేసిన రోజున ఏకంగా ఒక గిరాకీ ఒళ్ళోకి దూకింది. ఆయన ఆఫీసు బట్టల మీద పులుసు. ఆ సాయంత్రమే దాన్ని సంచిలో కట్టి బోధన్ బస్సెక్కాను. కండక్టరు సంచిలో ఏముందని అడిగితే కోడి అన్నాను. సరిగ్గా అప్పుడే అది మ్యావుమంది. బస్సు బస్సంతా నవ్వింది. చిన్నమ్మ సంచి అందుకుంటూ, "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఆడ ఎలుకలున్నయి, చేపలున్నయి. దానికి రాజ్యమే," అంది. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మరుసటి ఎండాకాలంలో ఒకరోజు ఆమె ఫోను చేసింది. తనంతట తాను ఎన్నడూ చేసే మనిషి కాదు.

"బిడ్డా, ఇయ్యాల గంప మర్సిపోయి తిప్ప మీదికి పోయిన," అంది.

"అయ్యో, తలకు దెబ్బ తగిలిందా?"

"లే. తీగలన్నిటికీ నీళ్ళు పోసి వచ్చిన. ఒక్క పిట్ట నన్ను కొట్టలే."

దానికి ఇంత బాధెందుకో నాకు అర్థం కాలేదు. ఆదివారం పోయాను. తిప్ప మీదికి తీసుకుపోయి చూపించింది. ఇసుకలో పగిలిన పెంకులు. వేలెడంత రెక్కలు, ఇంకా ఈకలు కూడా సరిగా రానివి. వాటి చుట్టూ పిల్లుల అడుగులు. తుమ్మల నీడలో అవి దర్జాగా పడుకుని ఉన్నాయి, వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. మూడు నాలుగేళ్ళుగా పిట్టలు తగ్గుతూనే వచ్చాయట. తల మీద గంప ఉండటంతో తను తలెత్తి చూడలేదట.

చిన్నమ్మ ఇసుకలో చతికిలబడింది. "ఇసుక ట్రాక్టరోళ్ళ మీద అరిచిన. పుట్టినరోజులని సీసాలు పలగొట్టే పోరగాండ్లను ఉరికిచ్చిన. పిట్టలకు నేనే కావలి అనుకున్న," అంది. పగిలిన పెంకొకటి చేతిలోకి తీసుకుంది. "పిల్లి మల్ల రావద్దని మనం నీళ్ళు దాటిచ్చినం. పిల్లి రావద్దనే గద పిట్టలు గూడ నీళ్ళు దాటొచ్చి గుడ్లు పెట్టుకున్నయి. గింత ముచ్చట ఇన్నేండ్లు నాకెందుకు తట్టలే బిడ్డా?"

నాకు ఓదార్చడం చేతకాదు. "జంతువులన్నాక ఒకదాన్నొకటి తినకుండా ఉంటాయా చిన్నమ్మా, అది వాటి ఖర్మ," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "అడవిల పుట్టిన పిల్లి అయితే ఖర్మనే. ఇది నేను తెచ్చి పెట్టిన పిల్లి," అంది.

ఆ తరవాత ఆమె ఏం చేసిందో ఊరందరికీ తెలుసు, ఎందుకు చేసిందో ఎవరికీ పట్టలేదు. దాటించిన పిల్లులను వెనక్కి తేవడం మొదలుపెట్టింది. గంప బోర్లించి, ఒక అంచు కింద కర్ర ఆనించి, కర్రకు దారం కట్టి, లోపల చేపముక్క వేసి, దారం చివర పట్టుకుని గంటలకొద్దీ కూచునేది. ఒక్కోదాన్ని పట్టడానికి ఒక్కోసారి నెల పట్టేది. ముంజేతుల మీద గీరుళ్ళు, వాటి మీద దద్దుర్లు. తెచ్చినవాటిని ఎవరికైనా ఇస్తే నెల తిరగకుండా అవే పిల్లులు ఇంకో సంచిలో మళ్ళీ రేవుకు వచ్చేవి. దాంతో ఇవ్వడం మానేసి తన ఇంట్లోనే పెట్టుకుంది. రేవులో నిలబడి, సంచులతో వచ్చేవాళ్ళను ఆపేది. "ఇన్నేండ్లు అందరివీ దాటిచ్చి, మా పిల్లి కాడికి వచ్చినంకనే నీతులు యాదికొచ్చినయా?" అని గొడవపడేవారు. వాళ్ళను తిట్టి, చివరికి, "సరే, ఈడ పెట్టి పో," అని ఆ సంచి కూడా ఇంటికి మోసుకొచ్చేది. చేపల తమ్ముడితో మాట తీసుకుంది, ఎవరు అడిగినా పిల్లులకు తెప్ప ఇవ్వొద్దని.

ఇల్లంతా పిల్లుల కంపు. ఆకులో వెంట్రుకలు వస్తున్నాయని ఆమె చుట్టిన బీడీలను కార్ఖానాలో ఏరి అవతల పారేసేవాళ్ళు. అరుగు మీదికి ఆడవాళ్ళు రావడం మానేశారు. ఒకామె తరవాత ఒకామె, ఏదో ఒక సాకు చెప్పి, ఎదురింటి అరుగుకు మారారు. అక్కడి నవ్వులు వినిపిస్తుంటే చిన్నమ్మ తలుపు దగ్గర ఒక్కతే కూచుని బీడీలు చుట్టుకునేది. ఊళ్ళో పిల్లుల ముసలిదని పేరు పడింది. చేతికి ఎముక లేనట్టు అందరికీ పెట్టిన మనిషి, పిల్లులకు పెట్టినందుకు ఊరికి దూరమైంది.

ఊరి సంగతి ఎందుకు, నేనేం చేశాను? ఒకసారి పోయినప్పుడు నా చీర నిండా వెంట్రుకలు. అన్నంలో వెంట్రుక. నాకు తిక్క రేగింది. "ఊరంతా నవ్వుతోంది చిన్నమ్మా. నీకు పట్టదా? పిట్టల కోసం మనుషుల్ని పోగొట్టుకుంటావా?" అని అరిచాను.

"నవ్వనీ," అంది. "నవ్వితే గుడ్లు పలుగుతయా?"

నేను చెయ్యి కడుక్కుని లేచి వచ్చేశాను. ఆ బతుకమ్మకు పోలేదు, తరవాతి దానికీ పోలేదు. ఫోన్లో మాత్రం బాగున్నావా అంటే బాగున్న అనేది. మెస్సులో పని ఎక్కువని చెప్పేదాన్ని. పని ఎక్కువే, అది అబద్ధం కాదు. కానీ బోధన్‌కు బస్సు ఎంతసేపని?

పోయిన ఎండాకాలం మళ్ళీ తనే ఫోను చేసింది. గొంతులో చిన్నపిల్ల సంబరం. "వచ్చినయే బిడ్డా! రెండొచ్చినయి!" అంది. ఇక ఉండబట్టక పోయాను. తిప్ప మీదికి మాత్రం తీసుకుపోలేదు. గుడ్లు పెట్టాక మనిషి తిప్ప మీద ఎక్కువసేపు ఉండకూడదట. మనల్ని చూసి పిట్ట లేస్తుంది, లేచిందంటే మనం పోయేదాకా దిగదు. పొద్దెక్కాక ఆ కాస్త సేపట్లోనే గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. అందుకే పొద్దు పొడిచే వేళకు పోయి, ఎండ ముదరకముందే వచ్చెయ్యాలి. పుచ్చ పెట్టడం కూడా ఆమె ఎప్పుడో మానేసింది. ఇద్దరం ఇవతలి ఒడ్డునే చెట్టు నీడన కూచుని చూశాం. ఇసుకలో ఒక తెల్లని చుక్క కదలకుండా ఉంది. రెండోది చేప నోట కరుచుకుని వచ్చింది.

"ఇంకొక్క పిల్లి ఉన్నది తిప్ప మీద," అంది చిన్నమ్మ. "అన్నిట్ని పట్టిన. గదొక్కటి దొరుకుతలేదు. గంపను సూస్తెనే మాయమైతది."

"ఎట్లా ఉంటుంది?"

"పిల్లి పిల్లి లెక్కనే ఉంటది," అని లేచి, చాయ్ పెడతానని ఇంటివైపు నడిచింది. ఐదో రోజున ఫోను చేస్తే, గుడ్లు పోయాయని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఏడాదంతా ఆ ఒక్కదాని వెంటే తిరిగింది. ఈసారన్నా పిట్టలు వచ్చేలోపు దాన్ని తేవాలని ఆమె పట్టుదల. పిట్టలు వచ్చాయి. ఆమె పోయింది. పిల్లి తిప్ప మీదే ఉంది.

పదకొండో రోజు అయ్యాక, అందరూ భోజనాలు చేసి చేతులు కడుక్కున్నాక, చిన్నాయన తమ్ముడు గోనెసంచుల కట్ట తెచ్చి వాకిట్లో పడేశాడు.

"గీ పిల్లుల సంగతి గూడ ఇయ్యాలనే తేల్చేద్దాం," అన్నాడు. "వదినె అందరివీ దాటిచ్చింది. ఆమెవి మనం దాటిద్దాం. తిప్ప ఎంత దూరం? పుణ్యానికి పుణ్యం."

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగా పుణ్యమనే అన్నాడు. నేను మాత్రం ఆ సంచుల కట్ట మీద కూచుని నోటికొచ్చినట్టు అరిచాను. ఏమన్నానో అంతా గుర్తులేదు. "ఆమె చేతులు చూశారా ఎవరన్నా? ఆ గీరుళ్ళు చూశారా?" అన్నది గుర్తుంది. అంటూనే, నేనూ చూడలేదని గుర్తొచ్చింది. ఆయన తల గోక్కుని, "మరి నువ్వే ఏదన్న సెయ్యి బిడ్డా," అన్నాడు. రోడ్డు మీది రైసుమిల్లు ఆయన ఎలుకలతో వేగలేకపోతున్నానని ఆరింటిని తీసుకున్నాడు. వద్దనుకుంటే నాకు ఫోను చెయ్యమనీ, నీళ్ళు మాత్రం దాటించొద్దనీ ఆయనతో ఒట్టు వేయించుకున్నాను. మిగిలినవి మా మెస్సు మేడ మీదికి వచ్చాయి.

పిల్లులను ఆటోలోకి ఎక్కిస్తూ చేపల తమ్ముడు, "తిప్ప మీదిది గూడ తీస్కపోతవా అక్కా?" అన్నాడు.

"చిన్నమ్మకే దొరకనిది నాకు దొరుకుతుందా?"

"నీకైతె దొరుకుతదేమో." చేతిలోని పిల్లిని లోపల పెట్టి నా వైపు తిరిగాడు. "గది నీ పిల్లే గదక్కా. సగం తోకది. అవ్వ నాతోని ఒట్టేయిచ్చుకున్నది, నీకు చెప్పొద్దని. చెప్తె బిడ్డ మనసుల పెట్టుకుంటదన్నది."

ఎట్లా ఉంటుందని నేను అడిగినప్పుడు ఆమె లేచిపోయింది ఇందుకని అప్పుడు తెలిసింది. రెండు బతుకమ్మలకు రాకుండా నేను చీర మీది వెంట్రుకల గురించి అలిగి కూచున్నాను. ఆ రెండేళ్ళూ ఆమె నేను తెచ్చిన పిల్లి కోసం ఇసుకలో కూచుంది. ఒక్క మాట, "నీదే కదే," అని ఒక్క మాట అంటే ఏం పోయేది? అంటే నేను పోట్లాడేదాన్ని. ఆమెకు తెలుసు.

నేను ఆ రోజు నిజామాబాద్ పోలేదు. పిల్లులను పంపేసి చిన్నమ్మ ఇంట్లోనే ఉండిపోయాను. ఆ ఖాళీ ఇంట్లో ఆమె తుమ్ములు లేవు, తిట్లు లేవు. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేశారు. ఒకామె లేచి వచ్చి చాయ్ గ్లాసు ఇచ్చి వెళ్ళిపోయింది.

పొద్దు పొడవకముందే తెప్ప మీద పోయాం. ఈ యేడు పిట్టలు రెండు జంటలని తమ్ముడు చెప్పాడు. పై అంచున గుడ్లున్నాయి. మేము కింది అంచున, వీలైనంత దూరంగా ఆపాం. గంప తీసుకుపోలేదు. గంపంటేనే పారిపోయేదానికి గంప ఎందుకు? వేయించిన చేప ఆకులో పెట్టి తెప్ప చివర ఉంచి, నేను ఈ చివర కూచున్నాను. అయినా పైన ఉన్న పిట్టలు మమ్మల్ని చూసి లేచాయి. కీచుకీచుమంటూ తిరుగుతున్నాయి. వాటికి నాకూ పిల్లికీ తేడా ఏం తెలుసు? తుమ్మల్లోంచి సగం తోక ఒకసారి కనిపించి మాయమైంది. ఎండ వేడెక్కగానే వచ్చేశాం. రెండో రోజూ అంతే. ఇంకాసేపు ఉంటే వస్తుందేమో అనిపించింది, ఉంటే గుడ్లు ఎండకు పోతాయి, మేము వచ్చేస్తే పిల్లి తింటుంది. వెనక్కి వస్తూ తెప్ప మీదే ఏడ్చాను.

మూడో రోజు అది వచ్చింది. నీళ్ళ అంచున నిలబడి నన్ను చాలాసేపు చూసింది. ఎంత ముసలిదైపోయిందో! ఒక కన్ను మసకబారింది, పక్కటెముకలు కనిపిస్తున్నాయి. గుర్తుపట్టిందో, ఆకలో, నేను చెప్పలేను. మెల్లగా తెప్ప ఎక్కి చేప దగ్గర కూచుని తినడం మొదలుపెట్టింది. తమ్ముడు తెప్ప నడిపే కర్రను చప్పుడు కాకుండా ఒత్తాడు. తెప్ప ఇసుకను వదిలింది.

దొరికింది చిన్నమ్మా అని చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను? ఇంటికి పోతే ఎవరున్నారు?

తినడం అయ్యాక పిల్లి తలెత్తింది. చుట్టూ నీళ్ళు. దూకుతుందేమో అనుకున్నాను. దూకలేదు, అరవలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. తెప్ప చివరికి పోయి, నాకు వీపు పెట్టి, తిప్ప వైపు తిరిగి కూచుంది. ఆరేళ్ళు దానికి ఇల్లు అదే. పొయ్యి కింది నుంచి ఒకసారి, ఇక్కడి నుంచి ఒకసారి, రెండుసార్లూ దాన్ని ఇల్లు వెళ్ళగొట్టింది నేనే. చెయ్యి చాచి దాని వీపు నిమరబోయి ఆగిపోయాను. అది కదలకుండా అటే చూస్తోంది. దానితో పాటు నేనూ చూశాను. పైన తిరుగుతున్న పిట్టలు కేకలు ఆపి, ఒక్కొక్కటే ఇసుక మీదికి దిగుతున్నాయి.